పాటతో వృద్ధులయొద్దకు: ఫ్యానీ క్రాస్బీ జీవితము

ధ్యాన భాగము: కీర్తన 71



71వ కీర్తనలో మనకు వినబడునది ముసలితనమునకు వచ్చిన ఒక భక్తుని స్వరము. తన బలము తగ్గినప్పుడు తన్ను విడిచిపెట్టవద్దని అతడు దేవుని వేడుకొనుచున్నాడు. అయితే ఆ కీర్తన కన్నీటితో ముగియదు, పాటతో ముగియుచున్నది. బాల్యమునుండి దేవుడు నేర్పినది తల నెరసిన నాటికిని అతనిలో నిలిచియున్నది. ఈ కీర్తనకు దృష్టాంతముగా మేము ఈ నెల ఒక స్త్రీ జీవితమును మీ ముందుంచుచున్నాము. ఆమె పసితనముననే చూపు కోల్పోయెను. 94 సంవత్సరములు జీవించెను. ఎనిమిది వేలకు మించిన కీర్తనలు రచించెను. తాను వెళ్లిపోవునప్పుడు దిక్కులేని ముసలివారి కొరకు ఒక ఇల్లు ఉండవలెనని కోరెను.

ఫ్యానీ క్రాస్బీ అమెరికా దేశమందలి న్యూయార్కు రాష్ట్రములో ఒక పల్లెప్రాంతమున 1820 మార్చి 24వ తేదీన జన్మించెను. ఆరు వారముల బిడ్డగా ఉన్నప్పుడు ఆమె కన్నులకు వాపు వచ్చెను. వైద్యుడనని చెప్పుకొనిన ఒకడు కన్నులపై ఆవపిండి పట్టు వేసెను. దానివలననే చూపు పోయెనని ఆ కుటుంబమువారు నమ్మిరి. పుట్టుకతోనే లోపము ఉండియుండవచ్చునని ఈ కాలమువారు కొందరు తలంచుచున్నారు. ఆ సంవత్సరమే తండ్రి చనిపోయెను. చిన్న వయసుననే విధవరాలైన తల్లి మెర్సీ ఇతరుల ఇండ్లలో పనిచేసి బిడ్డను పోషించెను.

తల్లి పనికి వెళ్లినప్పుడు బిడ్డను చూచుకొనినది అమ్మమ్మ యూనిస్. పక్షి ఎట్లుండునో, పువ్వు ఏ రంగుగా ఉండునో, సూర్యుడు అస్తమించునప్పుడు ఆకాశము ఎట్లు మారునో ఆ ముసలమ్మ మాటలతో మనవరాలికి చూపించెను. బైబిలు చదివి వినిపించి, ప్రార్థన నేర్పెను. తరువాత వారు కాపురమున్న ఇంటి యజమానురాలు కూడ ఆ పిల్లచేత వాక్యమును కంఠస్థము చేయించెను. పదునైదేండ్ల నాటికి మోషే గ్రంథములు అయిదును, సువార్తలు నాలుగును, సామెతలును, అనేక కీర్తనలును ఫ్యానీ హృదయములో నిండియుండెను. పుస్తకము చదువలేని ఆమెకు ఆ హృదయమే పుస్తకమాయెను. ప్రియులారా, ఇక్కడ ఒక్క క్షణము ఆగుదము. లోకమంతట పాడబడిన ఆ కీర్తనలకు విత్తనము వేసినది ఒక పల్లెటూరి అమ్మమ్మ.

1835లో ఆమె న్యూయార్కు పట్టణములోని అంధుల పాఠశాలలో చేరెను. అక్కడ విద్యార్థినిగాను, పిమ్మట 1858 వరకు ఉపాధ్యాయినిగాను ఉండెను. 1849లో ఆ పట్టణములో కలరా ప్రబలినప్పుడు, ఆమె పారిపోక పాఠశాలలోనే ఉండి రోగులకు ఉపచారము చేసెను. మరణము అంత దగ్గరగా చూచిన తరువాత ఆమె ఆత్మలో నెమ్మది లేకపోయెను. వాక్యము కంఠస్థముగా వచ్చినను ప్రభువుతో సమాధానము కలదా అని తన్ను తాను ప్రశ్నించుకొనెను. 1850 నవంబరు 20వ తేదీన ఒక ఉజ్జీవ కూటములో ఆమె ప్రార్థనకు ముందుకు వచ్చినప్పుడు, సంఘమువారు ఐజక్ వాట్స్ రచించిన సిలువ కీర్తన పాడుచుండిరి. ఆ పాట చివరి చరణమునకు వచ్చినప్పుడు ఆమె తన్ను తాను పూర్తిగా ప్రభువునకు అప్పగించుకొనెను. ఆ రాత్రి ఆమెను పట్టుకొనినది ఒక పాటయే.

1858లో ఆమె అంధుడును సంగీత విద్వాంసుడునైన అలెగ్జాండర్ వాన్ ఆల్‌స్టైన్‌ను వివాహము చేసికొనెను. వారికి కలిగిన ఒక్క బిడ్డయు పసితనముననే చనిపోయెను. ఆ దుఃఖమును గూర్చి ఆమె మాటలాడుట బహు అరుదు. గాని 1868లో విలియం డోన్ అను సంగీత రచయిత క్రొత్త రాగముతో ఆమె ఇంటికి వచ్చినప్పుడు, యేసు చేతులలో భద్రముగా ఉండుటను గూర్చి ఆమె సుమారు అరగంటలో ఒక పాట రచించెను. బిడ్డలను పోగొట్టుకొనిన తల్లులు ఎందరో ఆ పాటను తమదిగా పాడుకొనిరి.

ఆమె కీర్తనలు రచించుట 1864లో ఆరంభమాయెను. అప్పటికి ఆమెకు దాదాపు 44 ఏండ్లు. ఆమె వ్రాయు విధానము వినదగినది. మోకరించి ప్రార్థించి, పాటను మనస్సులోనే కట్టి, మనస్సులోనే దిద్ది, పూర్తియైన తరువాత ఒకరిచేత వ్రాయించెడిది. ఒక్కొక్క పాటకు ఒకటి రెండు డాలర్లు మాత్రమే ముట్టెడిది. అందులోను ఎక్కువ భాగము బీదలకు పోయెడిది. పేరుగల స్త్రీయైనను ఆమె బీదల వీధులలోనే కాపురముండెను.

ఆ వీధులలో త్రాగుబోతులకును నిరాశ్రయులకును సువార్త చెప్పు మిషనులు ఉండెను. ఫ్యానీ అక్కడికి తరచుగా వెళ్లెడిది. ఆమె వారిని గద్దించుటకు వెళ్లలేదు. వారి ప్రక్కన కూర్చుండి, చేయి పట్టుకొని మాటలాడెడిది. 1869లో ఒక రాత్రి కూటములో, తల్లి మాట విడిచి తప్పిపోయిన కుమారుడెవడో అక్కడ ఉన్నాడని ఆమె మనస్సునకు బలముగా తోచెను. అట్టివాడుంటే కూటమైన తరువాత తనయొద్దకు రావలెనని ఆమె చెప్పెను. ఒక యౌవనుడు వచ్చెను. పరలోకములో తల్లిని కలిసికొనెదనని తాను ఆమెకు మాట ఇచ్చితిననియు, ఇప్పుడున్న స్థితిలో అది జరుగదనియు అతడు చెప్పెను. ఇద్దరును కలిసి ప్రార్థించిరి. అతడు సమాధానము పొంది వెళ్లెను. నశించుచున్నవారిని రక్షించుడని పిలుచు ఆమె ప్రసిద్ధ కీర్తన ఆ రాత్రియే పుట్టెను. ఆమె పాటలనేకము ఇట్లు మనుష్యుల ప్రక్కన కూర్చుండుటవలననే పుట్టినవి.

వయసు మీరినను ఆమె సేవ ఆగలేదు. అరువది ఏండ్ల నాటికి అనేకులు విశ్రాంతి కోరుదురు. ఆమె మిషనుల పనిలో మరి ఎక్కువగా చేరెను. 1900లో ఆరోగ్యము తగ్గినందున బంధువులు ఆమెను కనెక్టికట్ రాష్ట్రములోని బ్రిడ్జ్‌పోర్టునకు తీసికొనిపోయిరి. అక్కడ చెల్లెలి ఇంట, ఆ తరువాత చెల్లెలి కుమార్తె ఇంట ఉండెను. చూపులేని ఆ వృద్ధురాలు ఇతరుల చేతులమీద ఆధారపడియుండియు, పాటలు కట్టుట మానలేదు. 1915 ఫిబ్రవరి 12వ తేదీన తెల్లవారకముందే ఆమె ప్రభువునందు నిద్రించెను. అంతకుముందు సాయంకాలము, బిడ్డను పోగొట్టుకొనిన ఒక కుటుంబమునకు ఆదరణ ఉత్తరమును కొన్ని పాదములను చెప్పి వ్రాయించెను.

ఆమె సమాధిమీద చిన్న రాయి మాత్రమే పెట్టిరి. బేతనియలో అత్తరు పోసిన స్త్రీని గూర్చి, ఆమె తన శక్తికొలది చేసెనని ప్రభువు చెప్పిన సంగతి ఆ రాతిమీద చెక్కిరి. పెద్ద రాయి 1955లో గాని నిలువబడలేదు. అయితే ఆమె కోరిన జ్ఞాపకార్థము రాయి కాదు, ఇల్లు. తలదాచుకొన చోటులేని వృద్ధుల కొరకు ఆమె తన మరణశాసనములో కొంత ధనము విడిచిపెట్టెను. బ్రిడ్జ్‌పోర్టులోని మెథడిస్టు సంఘపు స్త్రీలు 1923లో ఇంకను చందాలు కూర్చుటకు పూనుకొనిరి. ఇతర సంఘములు తోడైనవి. 1925 నవంబరు 1వ తేదీన ఆమె పేరున వృద్ధుల గృహము తెరువబడెను. అది డెబ్బది ఏండ్లు నడిచెను. 1996లో ఆ ఇల్లు అదే పట్టణమందలి నిరాశ్రయుల మిషనునకు ఇయ్యబడెను.

ఈ జీవితమునుండి మనము నేర్చుకొనవలసినదేమి? చిన్ననాడు హృదయములో పడిన పాట కన్ను పోయినను పోదు. వృద్ధులను చూచుకొనువారు ఎరిగిన సంగతి ఒకటున్నది. కుమారుని పేరు మరచిన ముసలివారు సయితము తాము బాల్యమున నేర్చిన కీర్తన వినబడినప్పుడు పెదవులు కదపుదురు. మాట తడబడినను పాట అందుకొందురు. మన పల్లెలలో పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పుస్తకము లేకుండ పాడిన తరము ఇప్పుడు మంచము పట్టినది. పిల్లలు పనులకై పట్టణములకు వెళ్లిరి. కొందరు వృద్ధాశ్రమములలో ఉన్నారు, కొందరు ఇంటి పంచలోనే ఒంటరిగా ఉన్నారు. గుడి గంట వారికి వినబడును, గుడికి వచ్చుటకు కాళ్లు రావు. వారు ఆరాధనకు రాలేనప్పుడు, ఆరాధన వారియొద్దకు వెళ్లవద్దా?

కాబట్టి ఒక చిన్న పని మీకు సూచించుచున్నాము. ఆదివారము ఆరాధనయైన తరువాత నలుగురైదుగురు కలిసి వారియొద్దకు వెళ్లుడి. భోజనవేళ, మందులవేళ తప్పించి వెళ్లుడి. మనకు నచ్చిన క్రొత్త పాటలు కాక, వారికి వచ్చిన పాత కీర్తనలు ఎత్తుకొనుడి. శ్రుతి తగ్గించి, మెల్లగా, పల్లవిని రెండుమారులు పాడుడి. చెవి మందగించినవారి ప్రక్కనే కూర్చుండుడి. ఏ పాట కావలెనని వారినే అడుగుడి. దీర్ఘ ప్రసంగము వద్దు. ఒక కీర్తన చదివి, చేయి పట్టుకొని ప్రార్థించిన చాలును. పిల్లలను వెంట తీసికొనిపొండి. తాతకు వచ్చిన పాట పిల్లవానికి రాకపోతే, తాతయే నేర్పునట్లు చేయుడి. అప్పుడు మనము ఇచ్చుటకు వెళ్లి పుచ్చుకొని వచ్చెదము. ఒక్కసారి వెళ్లి మానవద్దు. ఎదురుచూచు కన్నులను నిరాశపరచుట ఒంటరితనముకంటె భారము.

మేమందరము వేలకొలది కీర్తనలు వ్రాయలేము. ఒక వృద్ధుని మంచము ప్రక్కన ఒక కీర్తన పాడగలము. మన శక్తికొలది చేసినది ప్రభువు మరువడు. ముసలితనమున విడువవద్దని మొరపెట్టిన ఆ భక్తునికి దేవుడు ఇచ్చు జవాబు మన కాళ్లమీదను మన కంఠముమీదను నడిచి వెళ్లునట్లు ఆయన మన సంఘములను లేపును గాక. ఆమేన్.