పల్లెకు నర్సమ్మను పంపిన దుర్గాబాయి

పెద్దారవీడు: మార్కాపురం వైపు మెట్ట పల్లెల్లో ఒకప్పుడు పురుడంటే ఇంటి పనే. మంత్రసాని వచ్చేది, ఇరుగుపొరుగు ముసలమ్మలు చుట్టూ చేరేవారు. బిడ్డ అడ్డం తిరిగితే బండి కట్టాల్సిందే. ఆసుపత్రి పట్నంలో, కష్టం పల్లెలో. ఈ దూరాన్ని సర్కారు ఒక్కటే తగ్గించలేదని, ఊరివాళ్లూ చేయి కలపాలని నమ్మి, అందుకు తగిన ఏర్పాటు ఢిల్లీలో చేసిన తెలుగు ఆడపడుచు కీ.శే. దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగారు. ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పేశారు. చిన్నతనంలోనే హిందీ నేర్చుకుని ఆడవాళ్లకు బడి పెట్టారు. 1923 కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా ఉండి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేశారు. ఈ సంగతి పాఠం చదివిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆమె పల్లెలకు చేసిన పని మాత్రం పల్లెల్లోనే చాలామందికి తెలియదు.

ఉప్పు సత్యాగ్రహంలో ఆమె జైలుపాలయ్యారు. అక్కడ చదువురాని పేద ఆడఖైదీలను చూశారు. తమ మీద మోపిన నేరమేమిటో, ఎలా చెప్పుకోవాలో కూడా వారికి తెలియదు. విడుదలయ్యాక ఆగిన చదువు మళ్లీ పట్టుకుని, 1942లో మద్రాసులో లా పూర్తి చేశారు. ఈలోగా 1937లో అక్కడే ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టారు. చదువు మధ్యలో మానేసిన ఆడవాళ్లకు మెట్రిక్ పాఠాలు చెప్పడంతో మొదలైన ఆ సభ, చందాలతో పెరిగి ప్రసూతి ఆసుపత్రి పెట్టింది, మిడ్‌వైఫులకు తర్ఫీదు ఇచ్చింది.

1946లో రాజ్యాంగ సభకు వెళ్లిన ఆమె తరువాత ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం జరిగింది. ఒకనాడు గేటు దగ్గర ఆగిపోయిన నెహ్రూయే సాక్షి సంతకం చేశారు. ఆ ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి ఆమే మొదటి అధ్యక్షురాలు.

బోర్డు పద్ధతి కొత్తది. సుమారు 25 ఊళ్లను కలిపి ఒక ప్రాజెక్టు చేసేవారు. గ్రామసేవిక, మిడ్‌వైఫు, చేతిపనులు నేర్పే టీచరు ఉండేవారు. పిల్లలకు బాలవాడీ, గర్భిణులకు ఇంటి దగ్గరే పరీక్ష, పురుడు. డబ్బులో బోర్డు వాటా కొంత, రాష్ట్రం వాటా కొంత, ఊరి వాటా కొంత. పెత్తనం ఆఫీసర్లది కాదు, ఎక్కువగా ఆడవాళ్లే ఉండే స్థానిక కమిటీది. ఇదే ఇందులో కీలకం. ఊరి వాటా లేకుండా వచ్చిన ఆసుపత్రికి తాళం పడితే అడిగేవారుండరు. తమ చందా ఉంటే ఆ నర్సమ్మ ఈ వారం ఎందుకు రాలేదని ఊరు నిలదీస్తుంది.

అయితే ఈ పని చేసే ఆడవాళ్లు ఎక్కడ దొరుకుతారు? మిడ్‌వైఫు తర్ఫీదుకు చదువు కావాలి. చదివిన పట్నం పిల్లలు పల్లెల్లో నిలవరు, పల్లెలో ఉండేవాళ్లకు చదువు లేదు. డబ్బు కంటే పెద్ద చిక్కు ఇదే. మద్రాసులో తన అనుభవమే దుర్గాబాయి ఇక్కడ వాడారు. 1958లో బోర్డు తరఫున వయోజన స్త్రీలకు సంక్షిప్త కోర్సులు పెట్టించారు. బడి మానేసిన వితంతువులు, భర్త వదిలేసిన స్త్రీలు, నిరుపేదలు రెండేళ్లలో పరీక్ష రాసి నర్సులుగా, మిడ్‌వైఫులుగా, టీచర్లుగా బయటికి రావచ్చు. తనకు ఎనిమిదేళ్లకు పెళ్లి చేసిన లోకానికి ఆమె ఇచ్చిన జవాబు ఇది అనుకోవచ్చు.

అన్నీ అనుకున్నట్లు జరగలేదు. ఊరి వాటా రాబట్టడం అన్నిచోట్లా తేలిక కాదు, కమిటీ గట్టిగా ఉన్నచోటే పని సాగేది. కొన్నేళ్లకు ఈ ప్రాజెక్టులను బ్లాకు పథకాలతో కలిపారు, కొన్నింటిని మహిళా మండళ్లకు అప్పగించారు.

1975లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు. హైదరాబాదు విద్యానగర్‌లో ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.