భూగర్భశాస్త్రం నుండి చిత్రసూత్రం వరకు : ఆనంద కుమారస్వామి పరిశోధన జీవితం

చిత్రకళను పరిశోధనాంశంగా స్వీకరించిన విద్యార్థికి తొలినాడే ఒక చిక్కు ఎదురవుతుంది. చిత్రాన్ని చూచి శాస్త్రాన్ని వెదకాలా, శాస్త్రాన్ని చదివి చిత్రాన్ని చూడాలా? సంస్కృతం తెలిసినవారు విష్ణుధర్మోత్తరాన్నీ శిల్పరత్నాన్నీ ముందుంచుకొని, ఒక్క చిత్రమైనా పరీక్షించకుండానే సిద్ధాంతం చెప్పడం కద్దు. కుంచె పట్టినవారు ఆ గ్రంథాల పేర్లను పీఠికలో పేర్కొని అంతటితో విడిచిపెట్టడమూ కద్దు. ఈ రెండు దారులను ఒకే జీవితంలో కలిపి నడిచినవారు ఆనంద కెంటిష్ కుమారస్వామి. చిత్రమేమంటే, ఆయన పొందిన డాక్టరేటు చిత్రకళకు సంబంధించినది కాదు. రాళ్లకూ ఖనిజాలకూ సంబంధించినది.

కుమారస్వామి 1877 ఆగస్టు 22న కొలంబోలో జన్మించారు. తండ్రి సర్ ముత్తు కుమారస్వామి సింహళ ద్వీపవాసియైన తమిళుడు, న్యాయవాది, పాలి గ్రంథాలను ఆంగ్లంలోకి తెచ్చిన పండితుడు. తల్లి ఎలిజబెత్ బీబీ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు స్త్రీ. ‘కెంటిష్’ అనే మధ్యనామం ఆ విధంగా వచ్చినదే. 1879లో తల్లి బిడ్డతో ఇంగ్లండు చేరింది. వెనుకనే రావలసిన తండ్రి ఆ ఏడాదే కొలంబోలో కన్నుమూశారు. రెండేండ్లు నిండని బాలుడు మాతృదేశంలోనే పెరిగి, వైక్లిఫ్ కళాశాలలో చదివి, లండన్ యూనివర్సిటీ కాలేజీలో వృక్షశాస్త్ర భూగర్భశాస్త్రాలు అభ్యసించి 1900లో పట్టభద్రుడయ్యాడు. తండ్రి పుట్టిన ద్వీపం ఆ యువకునికి మొదట శాస్త్రక్షేత్రంగానే గోచరించింది. సింహళ ఖనిజ సర్వేక్షణకు అధిపతిగా 1906 వరకు పనిచేసి, 1904లో థోరియనైట్ అనే ఖనిజాన్ని గుర్తించారు. ఆ ద్వీపపు శిలలపై చేసిన పరిశోధనకే లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టం ప్రదానం చేసింది.

ఖనిజ సర్వేక్షణ అంటే ఊరూరా తిరగడం. రాళ్ల నమూనాలకోసం కాండీ పర్వతగ్రామాలలో సంచరిస్తున్న ఆయనకు మరొక సంపద కనిపించింది. దానితోపాటు దాని క్షయమూ కనిపించింది. 1815లో కాండీ రాజ్యం ఆంగ్లేయుల వశమైనది మొదలు, రాజసేవకు ప్రతిఫలంగా భూమి అనుభవిస్తూ వచ్చిన కమ్మరులు, కంసాలులు, దంతశిల్పులు, చిత్రకారులు క్రమంగా ఆశ్రయం కోల్పోయారు. యంత్రపు సరుకు దిగుమతి కాగా, చేతిపనికి గిరాకీ పోయింది. ఈ స్థితిని కుమారస్వామి భూగర్భశాస్త్రజ్ఞుని పద్ధతిలోనే నమోదు చేశారు. వస్తువు ఎక్కడ దొరికింది, దేనితో చేశారు, పనిముట్టు ఏది, చేసినవాని కులవృత్తి ఏది, అతనికి భూమి ఏ నిబంధనపై సంక్రమించింది – ఈ ప్రశ్నలన్నింటికీ సమాధానాలు రాసుకొన్నారు. ఆయన మొదటి భార్య ఎథెల్ ఛాయాచిత్రాలు తీశారు. ఆమె తరువాతి కాలంలో ఎథెల్ మైరె అనే పేరుతో చేనేత కళాకారిణిగా ప్రసిద్ధి పొందారు.

ఈ శ్రమకు ఫలం 1908లో వెలువడిన ‘మెడీవల్ సింహళీస్ ఆర్ట్’. విలియం మారిస్ కెల్మ్‌స్కాట్ ముద్రణాలయంలో వాడిన చేతియంత్రం మీదనే దీనిని అచ్చువేయించారు. మొత్తం 425 ప్రతులు. హస్తకళను గూర్చిన గ్రంథం హస్తముద్రణలోనే రావాలన్న పట్టుదల అందులో ఉంది. సంస్కృత విద్యార్థులకు ఈ గ్రంథం రెండు విధాల ఆసక్తికరం. మొదటిది, ‘చిత్రకార’ శబ్దం నుండి పుట్టిన ‘సిత్తరు’ అనే పేరుగల సింహళ శిల్పిచిత్రకారులు వంశపారంపర్యంగా చదువుకొనే శాస్త్రగ్రంథాలను ఆయన వారి పనితో పోల్చి చూపారు. రెండవది, నేత్రమంగళ విధిని వర్ణించారు. బుద్ధప్రతిమ అంతా పూర్తియైన పిమ్మట సుముహూర్తంలో శిల్పి కన్నులు తీర్చే ఈ విధి మన ఆగమాలలోని నయనోన్మీలనానికి సన్నిహితం. అందులో కుంచె పట్టినవాడే కర్మకర్త. శాస్త్రమూ చేతిపనీ వేరుకావనే సంగతి కుమారస్వామికి అక్కడ ప్రత్యక్షంగా బోధపడినది. పుస్తకాలలో చదివి తెలుసుకొన్న విషయం కాదది.

1907 తరువాత ఆయన దృష్టి భారతదేశం మీదికి మళ్లింది. కలకత్తాలో ఠాకూరుల ఇంటి కళాకారులతో స్నేహం కుదిరింది. భారతీయ శిల్పానికి ఉత్తమకళాస్థానం లేదని లండన్ పండితసభలో జార్జి బర్డ్‌వుడ్ తీర్పుచెప్పిన సంవత్సరం 1910. దానిని నిరసిస్తూ ఇండియా సొసైటీ ఏర్పడినప్పుడు హావెల్, రోథెన్‌స్టైన్‌లతో పాటు కుమారస్వామి ముందున్నారు. అయితే ఆయన నిజమైన సమాధానం వాదప్రతివాదాలలో లేదు. ఉత్తరదేశమంతా తిరిగి, రాజపుత్ర సంస్థానాలలోనూ పంజాబు కొండప్రాంతాలలోనూ చెదరిపోతున్న చిత్రపత్రాలను సేకరించడంలో ఉంది. 1910–11లో అలహాబాదులో జరిగిన ప్రదర్శనలో కళావిభాగ నిర్వహణ ఆయనదే.

అప్పటివరకు ఈ చిత్రాలన్నిటినీ మొగలాయి చిత్రాలనో, పారసీక శాఖలనో కలగలిపి వ్యవహరించేవారు. కుమారస్వామి 1916లో రెండు సంపుటాలుగా ప్రకటించిన ‘రాజపుత్ పెయింటింగ్’ ఈ కలగాపులగాన్ని విడదీసింది. రాజస్థానీ, పహాడీ అని రెండు శాఖలు. పహాడీలో మళ్లీ జమ్మూ, కాంగ్డా అని రెండు ఉపశాఖలు. శిలాస్తరాలను వేరుచేసిన చేయి ఈ విభాగంలో స్పష్టంగా కనిపిస్తుంది. అంతకంటె విలువైనది ఆయన చూపిన సాహిత్యసంబంధం. ఈ చిత్రాలకు ఆధారం చరిత్ర కాదు, కావ్యమన్నారు. కృష్ణలీల, రాగమాల, కేశవదాసు రసికప్రియ, అష్టవిధ నాయికలు – ఇవి తెలియనివాడు ఈ చిత్రాలను చదవలేడని నిరూపించారు. వాసకసజ్జికనూ అభిసారికనూ అలంకారశాస్త్రంలో లక్షణంగా వల్లించిన మనకు, ఆ లక్షణం వర్ణాలలో ఎట్లా నిలిచిందో చూపినవారిలో ఆయన అగ్రగణ్యులు.

ఈ గ్రంథంలోని నిర్ణయాలన్నీ నిలువలేదని చెప్పడం ఆయనను కించపరచడం కాదు. మొగలాయి కళ ఆస్థానానికీ లౌకికానికీ చెందినదనీ, రాజపుత్ర కళ జానపదానికీ భక్తికీ చెందినదనీ ఆయన గీసిన గీత మరీ నిటారైనది. చిత్రకారులు ఒక ఆస్థానం నుండి మరొక ఆస్థానానికి వెళ్లేవారు, రాజపుత్ర ప్రభువులూ మొగలు కొలువులో ఉండేవారు. జమ్మూకు చెందినదని ఆయన భావించిన లంకాముట్టడి చిత్రావళిని నేటి పండితులు గులేరుకు చెందిన మానకు అనే చిత్రకారునికి, సుమారు 1725 ప్రాంతానికి నిర్ణయిస్తున్నారు. 1968లో బి. ఎన్. గోస్వామి తీర్థక్షేత్రాలలోని పండాల వహీలను పరిశీలించి, పహాడీ శైలికి మూలం రాజ్యం కాదు, చిత్రకారుల కుటుంబమని ప్రతిపాదించారు. ఇందులో ఒక విశేషముంది. వృత్తికుటుంబమే విద్యకు నెలవని సింహళంలో రాసినవారు కుమారస్వామియే. పంజాబు కొండలకు వచ్చేసరికి ఆ సూత్రాన్ని ఆయన తగినంత ప్రయోగించలేదనిపిస్తుంది. అక్కడ ఆయనకు చిత్రాలు దొరికాయి. చిత్రకారుల ఇండ్లలో కూర్చునే అవకాశం సింహళంలో వలె లభించలేదు.

సేకరించిన చిత్రసంపదను భారతదేశంలోనే ఉంచాలని ఆయన కోరిక. కాశీలో జాతీయ చిత్రశాల నెలకొల్పితే తన సేకరణను అప్పగించడానికి సిద్ధపడ్డారు. ప్రయత్నం ఫలించలేదు. 1917లో డెన్‌మన్ రాస్ అనే దాత మూలంగా ఆ సేకరణ బోస్టన్ లలితకళల మ్యూజియానికి చేరింది. దాని వెంటనే కుమారస్వామి కూడ ఆ మ్యూజియంలో భారతీయ విభాగపాలకులుగా చేరారు. అదే కాశీలో రాయ్ కృష్ణదాస్ పూనికతో భారత కళాభవన్ వెలసినది 1920లో. మూడేండ్ల తేడా! ఆ తేడాకు మూల్యం ఎవరు చెల్లించారో, రాజపుత్ర చిత్రకళపై సిద్ధాంతగ్రంథం రాయబూనిన ఏ భారతీయ విద్యార్థినడిగినా చెప్పగలడు.

ఆ 1917లోనే తెలుగువారు ప్రత్యేకించి స్మరించదగిన గ్రంథం హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుండి వెలువడింది. నందికేశ్వరుని అభినయదర్పణానికి సంక్షిప్తమైన ఆంగ్లానువాదం అది. అనువాదకులు ఇరువురు: కుమారస్వామి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం.ఏ. చదివిన ఈ గోపాలకృష్ణయ్యగారే 1921 చీరాల–పేరాల ఉద్యమనాయకుడు, రామదండు స్థాపకుడు, ఆంధ్రరత్న. రాజకీయచరిత్రలో ఆయనకు దక్కిన కీర్తి వెనుక ఈ నాట్యశాస్త్రకృషి మరుగునపడింది. మన్‌మోహన్ ఘోష్ 1934లో వ్రాతప్రతులు పోల్చి మూలాన్ని పరిష్కరించి ప్రకటించేవరకు పాశ్చాత్యులకు హస్తముద్రల పరిభాష తెలియడానికి ఈ చిన్నపుస్తకమే ఆధారం. నృత్తశాస్త్రం తెలియనివానికి చిత్రసూత్రం బోధపడదని విష్ణుధర్మోత్తరంలో మార్కండేయుడు వజ్రునికి చెప్పిన మాట విజ్ఞులకు విదితమే. కుమారస్వామి చిత్రశాస్త్రగ్రంథాలకు రాకముందే అభినయాన్ని చదివారు. ఇది ఆ మాటకు అనుగుణమైన క్రమమే.

బోస్టన్‌లో ఆయన ముప్పదేండ్లు గడిపారు. సంగ్రహసూచికల ప్రచురణ 1923 నుండి సాగింది. 1927లో భారతీయ ఇండోనేషియా కళాచరిత్ర వెలువడింది. అదే ఏట బుద్ధప్రతిమ పుట్టుకను గూర్చిన ప్రసిద్ధవ్యాసం వచ్చింది. ప్రతిమ గ్రీకు ప్రభావజనితమన్న ఫూషే వాదానికి ఎదురుగా, మథుర యక్షవిగ్రహాల పరంపరలో దాని మూలాన్ని ఆయన చూపారు. 1935 నాటి బౌద్ధప్రతిమాలక్షణ గ్రంథంలో అమరావతి ఫలకాలపై ఉన్న అగ్నిస్తంభాన్ని వైదిక భావనలతో అనుసంధించారు. కృష్ణాతీరపు శిల్పాలను శ్రుతివాక్యాల వెలుగులో చదివిన ఈ ప్రయత్నాన్ని మన సంస్కృతాధ్యాపకులు ఇంకా సావధానంగా పరిశీలించవలసి ఉంది.

చిత్రశాస్త్రానికి ఆయన చేసిన ముఖ్యోపకారం 1929–34 మధ్యకాలానిది. విష్ణుధర్మోత్తరం చిత్రసూత్రాన్ని స్టెల్లా క్రామ్రిష్ అంతకుముందే ఆంగ్లీకరించారు. ఈమె 1919లో వియన్నా విశ్వవిద్యాలయం నుండి భారతీయ శిల్పంపైనే డాక్టరేటు పొందిన విదుషి. సత్య, వైణిక, నాగర, మిశ్రములనే చతుర్విధచిత్రాలను చెప్పే నలుబదియొకటవ అధ్యాయాన్ని కుమారస్వామి 1932లో మళ్లీ అనువదించి వ్యాఖ్యానించారు. కావ్యనాటకాలలో చిత్రప్రస్తావనలు నూరింటిని ఏరి ప్రకటించారు. ఇటువంటి సేకరణ తెలుగు ప్రబంధాలనుండి కూడ జరుగవలసినదే. 1934లో ‘ది ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ నేచర్ ఇన్ ఆర్ట్’ వెలువడింది. యశోధరుడు కామసూత్రవ్యాఖ్యలో చెప్పిన షడంగాలలో ‘సాదృశ్యం’ అనే పదాన్ని అందులో ఆయన చర్చించిన తీరు స్మరణీయం. సాదృశ్యమంటే కంటికి కనబడే పోలిక అనుకొంటే భారతీయచిత్రం విఫలానుకరణగా తోస్తుంది. రూపానికీ భావానికీ గల సామ్యమనుకొంటే అదే చిత్రం సార్థకమవుతుంది. ఒక పదానికి అర్థనిర్ణయం చేయడంవల్ల ఒక దేశపు కళ అంతటికీ విలువ మారుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. శబ్దార్థవిచారంలో శిక్షణపొందిన ప్రాచ్యకళాశాల విద్యార్థికి చిత్రకళాపరిశోధనలో చోటెక్కడ అని శంకించేవారు ఈ పుటలను చదవాలి.

తరువాతి రచనలలో ప్లేటో, ఎక్‌హార్ట్, ఉపనిషత్తులు ఒకేచోట నడుస్తాయి. చరిత్ర వెనుకబడి తత్త్వం ముందుకువచ్చిందని కొందరు కళాచరిత్రకారులు ఆక్షేపించారు. ఆక్షేపణలో కొంత నిజముంది. కాలనిర్ణయంకోసం ఆ రచనలను ఆశ్రయించరాదు.

1947 ఆగస్టు 22న ఆయన డెబ్బదవ జన్మదినానికి మిత్రులు విందు చేశారు. ఉద్యోగం విరమించి, భార్యతో కూడ భారతదేశానికి మరలి, హిమాలయసమీపంలో శేషజీవితం గడపాలన్న సంకల్పాన్ని ఆయన వారికి తెలిపారు. భారతదేశం స్వతంత్రమై అప్పటికి వారం. మరి పదునెనిమిది రోజులకు, సెప్టెంబరు 9న, మసాచుసెట్స్ రాష్ట్రంలోని నీడమ్‌లో స్వగృహంలోనే ఆయన మరణించారు.