పనివాడు తెరిచిన బడి

భాగ్యరెడ్డి వర్మను మనం జయంతికి, వర్ధంతికి తలుచుకుంటాం, దండ వేస్తాం. ఆయన ఎక్కడి నుంచి మొదలయ్యారో మాత్రం మరిచిపోతాం.

1888 మే 22న హైదరాబాద్‌లోని మాల కుటుంబంలో మాదరి భాగయ్యగా పుట్టారు. పొట్టకూటికి ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఆస్తి లేదు, పదవి లేదు. అయినా 1906లో, 18 ఏళ్లకే జగన్మిత్ర మండలి పెట్టారు. వాడల్లో హరికథలు చెప్పించి జనాన్ని కూడగట్టారు. తాగుడు మానమన్నారు, ఆడపిల్లలను జోగినులుగా మార్చొద్దన్నారు. 1910లో ఇసామియా బజార్‌లో బడి తెరిచారు. 1930ల నాటికి అవి 26 బడులయ్యాయి, సుమారు 2,500 మంది పిల్లలు చదువుకున్నారు.

1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయనే అధ్యక్షులు. మనం ఐదో వర్ణం కాదు, ఈ నేల తొలి బిడ్డలమని వాదించారు. ఆ సభే ఆది ఆంధ్ర సభ అయింది. 1931 జనగణనలో నిజాం రాజ్యం మనవాళ్లను ఆది హిందువులుగా నమోదు చేసింది.

1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు.

ఉద్యోగం వచ్చాక చేద్దాం, నాయకుడు వస్తే కదులుదాం అని మనం వాయిదా వేస్తున్నాం. ఆయన కూలి చేసుకుంటూనే మొదలుపెట్టారు. మన వాడలో సాయంత్రం పిల్లలకు పాఠం చెప్పడానికి మనకు అడ్డేమిటి?