విదేశాంగ విద్యకు బాట వేసిన కుంజ్రూ

తెలంగాణను హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచాలని, 1961 ఎన్నికల అనంతరం శాసనసభలో మూడింట రెండు వంతుల మంది సమ్మతిస్తేనే ఆంధ్రతో కలపాలని 1955లో సిఫార్సు చేసిన రాష్ట్రాల పునర్విభజన సంఘంలో పండిట్ హృదయనాథ్ కుంజ్రూ సభ్యులు. ఫజల్ అలీ పేరు గుర్తున్నంతగా ఆయన పేరు మనవారికి గుర్తులేదు. అదే ఏడాది ఆయన పూనికతో వెలసిన విద్యాసంస్థ సంగతి మరీ తక్కువమందికి తెలుసు.

1887లో ఆగ్రాలో జన్మించిన కుంజ్రూ, గోఖలే స్థాపించిన భారత సేవక సమాజంలో 1909లో చేరి జీవితాంతం అందులోనే కొనసాగారు. తేజ్ బహదూర్ సప్రూతో కలిసి 1943లో ప్రపంచ వ్యవహారాల భారత మండలిని నెలకొల్పారు. స్వాతంత్ర్యం వచ్చింది, దేశదేశాలకు రాయబారులు వెళ్లారు. అయితే ఇరుగుపొరుగు దేశాల గురించి సైతం పరాయివారు రాసిన గ్రంథాలే దిక్కు. అంతర్జాతీయ సంబంధాలలో ఉన్నత విద్యకు విద్యార్థులు విదేశాలవైపు చూడవలసి వచ్చేది. ఈ లోటు తీర్చడానికే 1955 అక్టోబరులో ఢిల్లీలోని సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ ఆరంభమైంది. అప్పాదొరై తొలి సంచాలకులు. ఒక్కొక్క భూభాగాన్ని ప్రత్యేకంగా పరిశోధించే పద్ధతికి అక్కడ పెద్దపీట వేశారు. 1961లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన ఆ సంస్థ 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విలీనమైంది.

రాజ్యాంగసభలో బిరుదులను వ్యతిరేకించిన కుంజ్రూ, 1968లో ఇవ్వజూపిన భారతరత్నను స్వీకరించలేదు. 1978 ఏప్రిల్ 3న కన్నుమూశారు.