గోమార్లు ఏరించిన మహనీయుడు

జువ్వలదిన్నెలో మా అవ్వ రోజూ సాయంత్రం ఆవు చెవుల్లో, పొదుగు పక్కన గోమార్లు ఏరి కిరసనాయిల్లో వేసేది. ఆ పనికీ సైన్సుకీ సంబంధం ఉందని థియొబాల్డ్ స్మిత్ జీవితం చదివేదాకా నాకు తెలియదు.

ఆయన 1859లో అమెరికాలోని ఆల్బనీలో, జర్మనీ నుంచి వలస వచ్చిన సామాన్య కుటుంబంలో జన్మించారు. 1883లో వైద్యపట్టా పుచ్చుకుని, ఆ తర్వాత వాషింగ్టన్‌లో ప్రభుత్వ పశుపరిశోధనలో చేరారు. ఆ రోజుల్లో దక్షిణాది మందలు మేసిన చోట మేసిన ఉత్తరాది పశువులు ఎర్రమూత్రం పోసి చచ్చిపోయేవి. గోమార్లే కారణమని రైతులంటే పండితులు నవ్వేవారు. స్మిత్ గారు నవ్వలేదు. 1889లో కిల్‌బోర్న్ గారితో కలిసి కంచెలు వేయించారు. ఒక దొడ్డిలో గోమార్లున్న దక్షిణాది పశువులు, ఇంకో దొడ్డిలో గోమార్లన్నీ ఏరేసినవి. రెంటిలోనూ ఉత్తరాది పశువులను కలిపారు. మొదటి దొడ్డిలోవి జబ్బుపడ్డాయి, రెండో దొడ్డిలోవి నిక్షేపంగా ఉన్నాయి. ఎర్రరక్తకణాల్లో జంటగా దాగిన పరాన్నజీవిని, అంటే నేటి బబీసియాను, కూడా పట్టుకుని 1893లో అంతా ప్రకటించారు. మన సికిందరాబాదులో రాస్ దొర దోమలో మలేరియా పరాన్నజీవిని చూసింది ఆ తర్వాత నాలుగేళ్ళకు!

పైకి ఆరోగ్యంగా ఉన్న దక్షిణాది పశువు రక్తం ఎక్కించినా జబ్బు వస్తుందని ఆయనే చూపారు. అలా జబ్బును లోపల దాచుకున్న పశువుల్ని పట్టడానికే ఇప్పుడు రక్తంలో యాంటీబాడీలు వెదికే ఎలీసా వంటి పరీక్షలున్నాయి. అయితే మిత్రులారా, ముందు ఆ పరీక్షకే పరీక్ష పెట్టాలి. నిజంగా సోకిన 100 పశువుల్లో ఎన్నిటిని పట్టింది? ఎన్నడూ సోకని 100 పశువుల్లో ఎన్నిటిని సరిగ్గా వదిలింది? గోమారి పట్టని ఆవే దొరకని మా ఊళ్ళో ఆ రెండో వంద ఎక్కణ్ణించి తేవాలి? గోమార్లు లేని ప్రాంతం నుంచే తేవాలి. స్మిత్ గారి కంచె విలువ నాకు అప్పుడు బోధపడింది.

ఒకసారి మా పెయ్యదూడ రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయని తేలింది. జబ్బుదాన్ని ఎవరు మేపుతారు, అమ్మేద్దామన్నారు ఇంట్లో. ముర్రుపాలే దూడకు రక్ష అని 1922లో లిటిల్ గారితో కలిసి చూపించిందీ స్మిత్ గారే. ఆ యాంటీబాడీలు ముర్రుపాలతో తల్లి నుంచి వచ్చినవి కావచ్చుగదా అని నేను అడ్డుపడ్డాను. కొన్ని నెలలాగి మళ్ళీ చేయిస్తే లేవు. ఇవాళ మా ఇంట పాలిస్తున్నది ఆ పెయ్యే.

స్మిత్ గారు 1934లో కన్నుమూశారు. రైతు మాటనైనా, పరీక్ష ఫలితాన్నైనా రుజువు చూడకుండా కొట్టెయ్యకూడదు, నెత్తికెత్తుకోనూకూడదు. ఆయన జీవితం నుంచి నేను నేర్చుకున్నది ఇదే.