సూరతు శ్రేష్ఠి వీర్జీ వోరా

సూరతు నగరమునకు దక్షిణముగా కొలది మైళ్ల దూరమున నున్న సచిన్ నేడు యంత్రశాలలకు ప్రసిద్ధి. 1791లో అది సిద్దీ నవాబుల సంస్థానముగా ఏర్పడి, 1948లో బొంబాయి రాష్ట్రమున విలీనమయ్యెను. ఆ సంస్థానము పుట్టుటకు నూటయేబది యేండ్ల పూర్వమే ఈ ప్రాంతపు రేవు దేశదేశముల వర్తకులకు కూడలి. ఆ కూడలిలో అందరికంటె మిన్నగా నిలిచినవాడు వీర్జీ వోరా. ఉద్యోగరీత్యా ఇచ్చట నివసించు మన తెలుగువారికి ఇతని చరిత్ర తెలియదగినది. ఏలయన ఈ గుజరాతీ వణిజుడు ఆనాడే మన గోల్కొండలో తన గుమాస్తాలను నిలిపియుండెను.

వీర్జీ 1590 ప్రాంతమున జన్మించెనందురు. జైన మతస్థుడు. ఆంగ్ల కంపెనీ వారి కాగితములలో అతని పేరు 1619 నుండి కనబడుచున్నది. అతని యాస్తి 80 లక్షల రూపాయలని నాటివారి అంచనా.

ఇంత ధనము అతనికెట్లు సమకూడెను? సూరతు రేవున ఆనాడు ఒకరినొకరు సరిగా ఎరుగని జనసమూహములు పెక్కు గలవు. మలబారు మిరియపు వర్తకులొక తెగ. ఆగ్రా నీలిమందు వర్తకులొక తెగ. ఎఱ్ఱసముద్రమునకు ఓడలు నడుపువారు వేరొక తెగ. ఇంగ్లీషు, డచ్చి కంపెనీల వారు మఱియొక తెగ. ఎవరి సరకు ధర వారికి తెలియును. ఎదుటివాని అవసరము తెలియదు. వీర్జీకి ఆగ్రా, బుర్హాన్‌పురము, అహమ్మదాబాదు, గోల్కొండ, కళ్లికోటలలో మనుష్యులుండిరి. అందుచే ఒకచోటి వార్త మఱియొకచోటికి చేరులోపలనే అతడు బేరము ముగించెడివాడు. తన సరకును కంపెనీ ఓడలపైననే పంపి, ఆ కంపెనీకే సరకు అమ్ముట అతని నేర్పు!

1625లో మిరియములను మొత్తముగా కొని, ధర పెంచి కూర్చుండెను. విసిగిన ఇంగ్లీషువారు దక్కను ప్రాంతమునకే పోయి నేరుగా కొనజూచిరి. అచ్చటను వీర్జీ గుమాస్తాయే ఎదురై, ఎక్కువ ధర నిచ్చి సరకు తీసికొనెను. కంపెనీవారు అతని గుత్తాధిపత్యమును నిందించుచునే అతని యొద్ద అప్పు తీసికొనుచుండిరి. 1636లో ఆ ఋణము రెండు లక్షల రూపాయల వఱకు పోయెను. 1647లో గోల్కొండలోనే వారికి 6,000 వరహాలు అప్పిచ్చెను. బందరు ప్రాంతపు అద్దకపు గుడ్డలు కొనుటకు వచ్చిన తెల్లవారికి సూరతు సొమ్ము గోల్కొండలో దొరకుట సామాన్య విషయమా?

మన తెలుగువారిలోను ఇట్టి పురుషుడు లేకపోలేదు. చెన్నపట్టణమున కాశీ వీరన్న కంపెనీకిని నేతగాండ్రకును నడుమ నిలిచి, మఱియొకవైపు గోల్కొండ సుల్తాను నుండి శాంథోము గుత్తకు తీసికొని, 1680లో మరణించువఱకు ఇరుపక్షములకు కావలసినవాడై యుండెను.

అయినను నడుమ నిలుచువాడు ఇరువైపుల దెబ్బలకును గురి. 1638లో సూరతు అధికారియైన హకీము మసీహుజ్జమాన్ మిరియపు వర్తకము తానే చేయదలచి, వీర్జీని చెఱలో వేయించెను. అతనిపై నేరములు పేర్చి చక్రవర్తికి నివేదించెను. షాజహాను చక్రవర్తి విచారించి, వర్తకుని విడిపించి, అధికారినే తొలగించెను. గుమాస్తాల సంఖ్యకంటె దర్బారులో గల పలుకుబడియే ఆనాడు అతనిని కాపాడెనని మనము ఊహింపవచ్చును.

1664 జనవరిలో శివాజీ మహారాజు సూరతుపై దాడి చేసినప్పుడు అట్టి పలుకుబడి పనికిరాలేదు. ఇంగ్లీషు, డచ్చివారు తమ కోఠీలను తుపాకులతో రక్షించుకొనిరి. వీర్జీ ఇంటిని కాపాడుటకు ఎవరును రాలేదు. అతని భవనమును కొల్లగొట్టి తగులబెట్టిరి. బంగారము, ముత్యములు, రత్నములు బయటికి పోయెను. డెబ్బది దాటిన ఆ వృద్ధుడు అంతటితో కూలిపోలేదు. వేర్వేరు ఊళ్లలోని సొమ్ము, గుమాస్తాలు చెక్కుచెదరకుండుటచే వర్తకము సాగుచునేయుండెను. 1669లో మఱికొందఱతో కలసి కంపెనీకి నాలుగు లక్షలు అప్పిచ్చినాడు.

1670లో రెండవ దాడి జరిగెను. అటుపిమ్మట కంపెనీ కాగితములలో అతని పేరు కానరాదు. అతని కుమార్తె ఫూలాబాయి కొడుకు లవజీ మాత్రము అంతటి సిరిని కాదని సన్న్యసించి, స్థానకవాసి సంప్రదాయమునకు ఆద్యులలో నొకడయ్యెనని జైనులు నేటికిని చెప్పుకొందురు.