గిడుగువారు తూచిన మాట

ఏటా ఆగస్టు 29న మన పిల్లలు బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటారు. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. నలుగురిని ఒప్పించేలా రాయాలనుకునేవారికి ఆయన జీవితం మంచి పాఠం.

ఆయన 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, కొండల్లో నివసించే సవరల భాష నేర్చుకున్నారు. వారి నోట విన్న ఒక్కొక్క మాటనూ రాసుకుని, సరిచూసుకుని, వారి పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఆ కొండల్లో తిరిగినప్పుడే మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైనువల్ల చెవుడు వచ్చింది. చెవితో మాటలు పోగుచేసిన మనిషికి ఆ చెవే దూరమైంది. అయినా ఆయన పని ఆపలేదు.

తెలుగు పిల్లల కష్టమూ ఆయన చూశారు. ఇంట్లో ‘వస్తున్నాను’ అనే పిల్లవాడు బడిలో ‘వచ్చుచున్నాను’ అని రాయాలి. అందుకే వాడుక భాష కోసం ఉద్యమించారు. పండితులు ఎదురు నిలిచారు. గిడుగువారు ఆవేశంతో సరిపెట్టుకోలేదు. వాడుక మాట తప్పన్నవారికి పూర్వుల రచనల నుంచి ప్రయోగాలు తీసి చూపారు. గ్రాంథికమే రాయాలన్నవారి పుస్తకాల్లోనే, వారి వ్యాకరణానికి నిలవని మాటలను ఏరి ముందుంచారు. తిట్టుకు ఎదురుతిట్టు ఉంటుంది గాని, చూపిన తప్పుకు జవాబేముంటుంది?

గ్రాంథికంలో ఎన్నో గ్రంథాలు రాసిన కందుకూరి వీరేశలింగంగారే 1919లో రాజమహేంద్రవరంలో వాడుక భాష కోసం ఏర్పడిన సమాజానికి అధ్యక్షులయ్యారు. గిడుగువారు 1940 జనవరి 22న కన్నుమూశారు. ఈనాడు మన పత్రికలూ పిల్లల పుస్తకాలూ వాడుక భాషలోనే వస్తున్నాయి.

మన సంగతి చూద్దాం. శివారు పొలాలకు నీరందకపోతే అధికారికి అర్జీ రాస్తాం. ‘ఘోర అన్యాయం’, ‘దారుణం’ అంటూ పేజీలు నింపుతాం. ఏ కాలువ, ఏ తేదీ నుంచి, ఎన్ని ఎకరాలు అన్నది మాత్రం మరచిపోతాం. చదివిన అధికారికి మన కోపం తెలుస్తుంది గాని, చేయవలసిన పని తెలియదు. విచారణ గురువునైన నాకూ ఈ పాఠం అవసరమే. ప్రసంగం రాసుకున్నాక, బరువైన మాటను కొట్టివేసి వెనుక వరుసలోని అవ్వకు తెలిసిన మాట పెడితే, అదే ఆమెతో ఇంటికి వెళ్తుంది.

పెద్ద మాట వద్దు, సరైన మాట వెతుకుదాం.